ఒకటో ప్రతివాది

నల్లపాడు,
18-1-2002

ప్రియమైన మీకు,

అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి, మొదటి వాక్యంలోనే అబద్ధం ఎందుకని ఆగిపోయాను. జైనాబీ అక్క, అష్రఫ్ బావ బాగున్నారు. నేనే బాగాలేను.

మొన్న బుధవారం అక్క నన్ను గుంటూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పోయిన ఫిబ్రవరిలో నా తుంటికి స్క్రూలు వేసినప్పటి ఫొటోలన్నీ ఆయన చూశాడు. కొత్తగా స్కానింగ్ తీయించాడు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. తొడ ఎముకకి పైన బంతిలాంటి తల ఉంటుందట. దానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు దారాల్లాగా సన్నగా ఉంటాయట. ఎముక విరిగిన రోజే అవి తెగిపోయాయి. స్క్రూలతో ఎముక అతికింది కానీ, ఆ తలకి రక్తం మళ్ళీ అందలేదు. "ఎముక చచ్చిపోయిందమ్మా" అన్నాడు.

నాకు నవ్వొచ్చిందండీ. మనిషిని బతికుండగా నా ఎముక చచ్చిపోవడం ఏమిటి? "పది నెలలు కుంటుకుంటూ అయినా నడిచాను కదండీ" అన్నాను. వేరు తెగిన మిరప మొక్క కూడా నాలుగు రోజులు పచ్చగానే నిలబడుతుంది కదా, ఇదీ అలాంటిదేనని ఇంటికొచ్చాక అర్థమైంది. అప్పుడు ఏడ్చాను.

ముందే కనిపెడితే ఎముకకి చిన్న కన్నం వేసి రక్తం పారేలా చూసేవాళ్ళట. ఇప్పుడు తల నొక్కుకుపోయింది, ఆ దారి లేదు. కీలు తీసేసి కొత్త కీలు పెట్టాలి. లక్ష దాటుతుందన్నాడు. అప్పటిదాకా ఆ కాలు కింద మోపకూడదు. బావ చంక కర్రలు కొనుక్కొచ్చాడు.

దెబ్బ ఎలా తగిలిందని డాక్టరు అడిగాడు. నాకు అలవాటైన మాటే చెప్పాను, డాబా మీద మిరపకాయలు ఎత్తుతూ జారిపడ్డానని. ఆయన నా మొహం వంక కాసేపు చూసి, సరేనని రాసుకున్నాడు. ఏం జరిగిందో మీకూ నాకూ తెలుసు. కూలీలందరం మీ ఆటోలో మిరపకోతల నుంచి వస్తున్నాం. రెండో ట్రిప్పు అందుకోవాలని మీరు తూము మలుపులో మిరపకాయల టిక్కీ బస్తాలతో పోతున్న ట్రాక్టర్ని దాటబోయారు. పక్కనే కూర్చున్న నేను నెమ్మదిగా పోనివ్వమంటూనే ఉన్నాను. ఆటో తిరగబడి నా మీదే పడింది. మిగతావాళ్ళు గీరుకుపోయి బయటపడ్డారు. పోలీసుల కంటే ముందు ఆటో ఓనరు యలమందయ్య మామ పరిగెత్తుకొచ్చాడు. "కేసయితే వీడి లైసెన్సు పోద్ది, నా బండి స్టేషన్లో తుప్పు పట్టిద్ది. డాబా మీద నుంచి పడ్డానని చెప్పమ్మాయ్" అన్నాడు. మీరు తల వంచుకుని నిలబడ్డారు. ఆ వంచిన తల చూసి చెప్పానండీ.

బావ అప్పుడే లాయరు మాట ఎత్తాడు. ఆయన జిరాక్సు షాపు కోర్టు ఎదురుగానే కదా, రోజంతా అవే కబుర్లు.

మన పిల్ల సిద్దికాకి తల దువ్వేటప్పుడు చిక్కు పైనుంచి లాగొద్దని అత్తకి చెప్పండి. కింద నుంచి తియ్యాలి. మీరెప్పుడొస్తారు? పేటలో బస్సెక్కితే ఎంతసేపు?

గుమ్మం వైపు మంచం తిప్పించుకుని పడుకున్న
మీ ఖాజాబీ


2-2-2002

ప్రియమైన ఖాజాకి,

నీ ఉత్తరం అందింది. అమ్మ చేత కాక సిద్దికాకి నేనే జడ వేస్తున్నాను. కింద నుంచే తీస్తున్నా. అయినా ఏడుస్తుంది. దానికి ముందు పన్ను ఊడింది. నీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచింది.

కోతలు జోరుగా ఉన్నాయి. రోజుకి మూడు ట్రిప్పులు తోలుతున్నాను. ఈ ఏడు కాయ నాణ్యంగా ఉంది, తాలు తక్కువ. నువ్వు పడ్డప్పటి నుంచి అమ్మ ఒక్కతే ఇంటిపని చేసుకోలేక విసుక్కుంటోంది కానీ, మనసులో ఏం లేదు. నువ్వు వేసిన బీరపాదు కాయలు కాసింది. కూర నీలాగా ఎవరికీ కుదరడంలేదు.

ఎముక చచ్చిపోవడం అనేది తాను పుట్టి బుద్ధెరిగి వినలేదని పక్క ఊరి కట్టు కట్టే తాత అన్నాడు. నూనె ఇచ్చాడు, ఊళ్ళో వాళ్ళు గుంటూరు వస్తుంటే పంపిస్తున్నా. రెండు పూటలా మర్దన చేయించుకో. నువ్వు పడ్డ కొత్తలోనే ఈ నూనె వాడాల్సిందట.

యలమందయ్య మామ సీజను అయ్యాక ఎంతో కొంత చూస్తానన్నాడు. కోర్టులూ లాయర్లూ మనకొద్దు. బావకి నచ్చచెప్పు. కోతలు అయ్యాక వస్తాను.

నీ బుడాన్


నల్లపాడు,
20-2-2002

ప్రియమైన మీకు,

నూనె అందింది. అక్క దాన్ని తలుపు బందులకి రాసింది. కిర్రుమనడం మానాయి, తాతకి చెప్పండి.

మీ ఉత్తరం ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో. బీరపాదు దగ్గర ఆగి మళ్ళీ మొదటికొస్తాను. సిద్దికా నెత్తి మీద మీ మోటు చేతులు ఊహించుకుని నవ్వుకుంటాను. ఇక్కడ మంచం మీద పడుకుని, మీరు ఇప్పుడు ఏ చేను గట్టున ఆటో ఆపి ఉంటారో, టీ ఎక్కడ తాగుతుంటారో అనుకుంటూ పొద్దు గడుపుతున్నాను. మిమ్మల్ని చూడక నలభై రోజులైంది.

కానీ ఒక మాట. అందులో రెండు చోట్ల 'నువ్వు పడ్డ' అని రాశారు. నేను పడలేదండీ. మీరు పడేశారు. లోకానికి డాబా కథ చెప్పాం, సరే. మనింట్లో, మన ఇద్దరి మధ్య కూడా ఆ కథేనా? ఏడాదయింది, ఒక్కసారన్నా 'నావల్ల జరిగింది ఖాజా' అని మీ నోటి నుంచి రాలేదు. నా పక్కన కూర్చుని కాలు వత్తుతూ కూడా అనలేదు. నాకు కొత్త కీలు రాకపోయినా బతుకుతాను. ఆ మాట రాకపోతే మాత్రం నాకు కష్టంగా ఉంది.

బావ నన్ను జయకుమారి గారనే లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. మంచి మనిషి. నష్టపరిహారం కేసు వేయడానికి ఆలస్యమేమీ కాలేదట. అందులో నేను పిటిషనర్ని. ఆటో ఇన్సూరెన్సు కంపెనీ మూడో ప్రతివాది, యలమందయ్య మామ రెండో ప్రతివాది. "ఒకటో ప్రతివాది ఎవరండీ" అంటే, "బండి నడిపినవాడు, మీ ఆయన" అంది. నేను మీ మీద కేసు వెయ్యాలట! ముందు నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. డబ్బు కట్టేది కంపెనీయే గానీ, మీ అజాగ్రత్త వల్ల జరిగిందని రుజువు కావాలి. ఆసుపత్రి కాగితాల్లో డాబా అని ఉంది, పోలీసు కేసు లేదు. నడిపినవాడే వెళ్ళి నిజం చెబితే తప్ప దారిలేదంది. ప్రస్తుతానికి నోటీసు పంపడానికి మాత్రం సంతకం పెట్టాను.

మీరేమంటారో రాయండి. రాయడం కాదు, వచ్చి చెప్పండి.

మీ ఖాజాబీ


6-3-2002

ఖాజా,

నాకు చేతకాదు. ఆరుగురు ఎక్కాల్సిన బండిలో పద్నాలుగు మందిని ఎక్కించాను. ఒప్పుకుంటే లైసెన్సు పోతుంది, జైలు కూడా వేస్తారంటున్నారు. నాకు ఇంకో పని రాదు. సిద్దికాకి, అమ్మకి, నీ మందులకి ఎక్కడి నుంచి తేను?

ఇంకో సంగతి కూడా రాస్తున్నాను. కోతలని చెప్పి రాకుండా ఉన్నది అబద్ధం. రెండుసార్లు పేట దాకా వచ్చి వెనక్కి తిరిగాను. నువ్వు కర్రల మీద లేచి గుమ్మందాకా వస్తావు కదా, అది నేను చూడలేను. తిట్టుకో.

బుడాన్


నల్లపాడు,
9-4-2002

ప్రియమైన మీకు,

నెల రోజులు కోపంతో రాయలేదు. రోజూ మనసులో మాత్రం ఒక ఉత్తరం రాసి చింపేశాను. పేట దాకా వచ్చి వెనక్కి పోయారన్న ముక్క మళ్ళీ మళ్ళీ చదివాక, ఆ కోపం కూడా నిలవలేదు.

మొన్న ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఎంక్వైరీ ఆయన వచ్చాడు. అక్క బజారుకెళ్ళింది, బావ షాపులో ఉన్నాడు. ఆయన నెమ్మదైన మనిషే. "ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా" అన్నాడు. నాకు మీరు స్టేషన్లో చేతులు కట్టుకుని నిలబడ్డట్టు కనపడింది. సిద్దికా గుమ్మంలో మీకోసం చూస్తున్నట్టు కనపడింది. డాబా మీద నుంచి నేనే జారిపడ్డాను, ఎవరి తప్పూ లేదు, నోటీసు మా బావ తెలియక ఇప్పించాడని చెప్పాను. ఆయన రాసి చదివి వినిపించాడు. సంతకం పెట్టేశాను.

అక్క రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. బావ అన్నం తినకుండా షాపుకెళ్ళాడు. పోనివ్వండి. మీరు భయపడకుండా ఆటో తోలుకోండి. ఆ మాట కూడా నేనిక అడగను. కాలు ఎలా ఉంటే అలా ఉంటుంది, మీరు ఒక్కసారి రండి చాలు. మీరు వచ్చినప్పుడు నేను లేవను, మంచం మీదే ఉంటాను. కర్రలు మంచం కింద పెట్టిస్తాను.

మీ ఖాజాబీ


9-4-2002

ఖాజా,

ఇది గబగబా రాస్తున్నాను, అక్షరాలు అర్థం కాకపోతే బావ చేత చదివించుకో.

నీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ తూము మలుపు వచ్చేసరికి ఆటోలో ఉన్న ఆడవాళ్ళంతా మాటలు ఆపేసి కడ్డీలు పట్టుకుంటారు. ఏడాదిగా ప్రతిరోజూ ఇంతే. ఎవరూ ఏమీ అనరు, నేను వెనక్కి చూడను. మలుపు దాటాక మళ్ళీ మాటలు మొదలవుతాయి. నిన్న సాయంత్రం అఖిల అని కొత్తగా కూలికొస్తున్న పిల్ల, "ఏంది, అందరూ ఒక్కసారే గమ్మునైపోయారు?" అని అడిగింది. "ఇక్కడేనే, ఈయన పెళ్ళాం పడింది" అంది వెంకటేశ్వరమ్మ అత్త.

"పడలా అత్తా. నేనే పడేశా" అన్నాను.

అనాలని అనుకోలేదు ఖాజా. నోట్లో నుంచి వచ్చేసింది. నేను ఊళ్ళోకి తిప్పాల్సిన చోట తిప్పలేదు. "ఏరా బుడానూ, ఊరు దాటిపోతన్నాం, యాడికిరా?" అని అత్త అరుస్తూనే ఉంది. తిన్నగా తీసుకెళ్ళి స్టేషన్ ముందు ఆపాను.

ఎస్సై బయటికొచ్చి చూసి, "ఎంతమందిని ఎక్కించావురా?" అన్నాడు. "పద్నాలుగు మంది సార్, నాతో పదిహేను" అన్నాను. "ఇంతమందిని వేసుకుని ఎవడైనా స్టేషన్‌కే వస్తాడా? నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు. పోయిన ఏడాది సంగతంతా చెప్పాను. ట్రాక్టర్ని దాటబోయింది, నువ్వు వద్దన్నది, డాబా అని చెప్పించింది, అన్నీ. ఆయన ముందు నమ్మలేదు. అప్పుడు వెంకటేశ్వరమ్మ అత్త దిగి, "రాసుకోండి సారూ. ఆ పిల్ల నిదానంగా పోనీమని చెప్తానే ఉంది. ఈడి చెవికెక్కలా" అంది. ఆ రోజు బండిలో ఉన్నవాళ్ళు నిన్న కూడా తొమ్మిది మంది ఉన్నారు. అందరూ పేర్లు రాయించారు. అంతమందీ మూడు మైళ్ళు నడిచి ఇళ్ళకి పోయారు, నన్ను ఒక్క మాట అనలేదు.

ఆటో పట్టుకున్నారు. యలమందయ్య మామ మొహం చూడనన్నాడు. కేసు కాగితం నకలు ఈ ఉత్తరంతో పెడుతున్నాను, లాయరమ్మకి ఇవ్వు.

నావల్లే జరిగింది ఖాజా. నువ్వు పడలేదు. నీ ఎముక చచ్చిపోయింది నావల్లే. ఆదివారం వస్తున్నాను. నువ్వు గుమ్మందాకా రా, చూస్తాను.

నీ బుడాన్


నల్లపాడు,
12-4-2002

ప్రియమైన మీకు,

నా ఉత్తరం మీకు చేరే ఉంటుంది. మనం ఇద్దరం ఒకే రోజు రాసుకున్నాం చూశారా? మీరు నా కోసం నిజం చెప్పారు. నేను మీ కోసం అబద్ధం మీద సంతకం పెట్టాను. పదిహేనేళ్ళ కాపురంలో కూరలో ఉప్పు ఇద్దరం వేసిన రోజులు ఉన్నాయి గానీ, ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు.

మీ కాగితం చూసి అక్క ఏడ్చింది. నేను ఆ చివరి నాలుగు మాటలు వేలితో తడుముతూ కూర్చున్నాను. సంతోషమో దుఃఖమో చెప్పలేను.

బావ పరుగున లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె తల పట్టుకుంది. "భర్త ఒకటి, భార్య ఒకటి చెబితే, మొగుడూ పెళ్ళాలు డబ్బు కోసం కథ అల్లారని కంపెనీ అంటుంది. ఇక నుంచి తీర్పు వచ్చేదాకా మీరు కలుసుకోవద్దు, కలిసి కనపడనే వద్దు" అంది. ఎన్నాళ్ళండీ అంటే, ఏడాదో ఏడాదిన్నరో అంది.

అందుకే ఈ ఉత్తరం బావ చేతికిచ్చి పంపుతున్నాను. ఆదివారం రావద్దు. రమ్మని ఏడ్చింది నేనే, రావద్దని రాస్తున్నదీ నేనే. వంటింట్లో నిలబడి కర్రల మీద గుమ్మందాకా నడవడం సాధన చేస్తున్నాను, ఇప్పుడు ఆపేస్తాను.

మీ ఖాజాబీ


పిడుగురాళ్ల,
30-6-2002

ప్రియమైన ఖాజాకి,

కూలి దొరక్క ఇక్కడికొచ్చి సున్నం బట్టీలో చేరాను. రాయి పగలగొట్టడం, బట్టీకి మోయడం. లైసెన్సు ఆపేశారు. సిద్దికా అమ్మ దగ్గరే ఉంది. సెలవులకి దాన్ని నీ దగ్గరికి పంపిస్తాను, పిల్ల వస్తే కంపెనీ వాళ్ళు ఏమీ అనరు కదా.

ఇక్కడ అన్నీ తెల్లగా ఉంటాయి, ఇళ్ళు, చెట్లు, మనుషులు. మొదటిరోజు సాయంత్రం అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేదు. చేతులు పగిలాయి. అన్నం కలుపుకుంటే మండుతుంది. అప్పుడు నువ్వు మిరపకాయల తొడిమలు తీసి వచ్చి, మంట అంటూ చేతులు మజ్జిగలో ముంచి కూర్చునేదానివి గుర్తొస్తుంది. అప్పట్లో నేను నవ్వేవాణ్ణి.

ఇక్కడి నుంచి నల్లపాడు మీదుగా పోయే రైలు ఉంది. రోజూ దాని కూత వింటాను. ఎక్కితే మధ్యాహ్నానికి నీ దగ్గర ఉంటాను. ఎక్కకూడదు. ఇన్నాళ్ళూ రాగలిగినప్పుడు రాలేదు, ఇప్పుడు కాళ్ళు లాగుతున్నాయి. నాకు తగిన శాస్తే.

నీ బుడాన్


నల్లపాడు,
14-8-2003

ప్రియమైన మీకు,

నిన్న కోర్టులో జరిగింది మీరూ చూశారు. అయినా నా వైపు నుంచి రాస్తాను, వినండి.

పంతొమ్మిది నెలల తర్వాత మిమ్మల్ని చూడటం, అదీ కోర్టు వెనక బెంచీలో! చిక్కిపోయారు. ఆ నీలం చొక్కా వేసుకొచ్చారు, కాలరు దగ్గర చిరిగింది. అది చూస్తూ నడిచాను కాబట్టే బోను మెట్టు దగ్గర కర్ర జారింది. నేల మీద పడతాననుకున్నాను. కానీ మీ చెయ్యి నా మోచేతి కింద ఉంది. అంత దూరం నుంచి ఎలా వచ్చారండీ?

కంపెనీ లాయరు లేచి, "గమనించండి యువర్ ఆనర్, ఒకటో ప్రతివాది పిటిషనర్‌ని పట్టుకున్నాడు. ఇద్దరూ కుమ్మక్కయ్యారు!" అన్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, "భార్య పడబోతే భర్త పట్టుకోకూడదని ఎక్కడన్నా ఉంటే చూపించండి" అన్నారు. కోర్టంతా నవ్వింది. మీరు మాత్రం భయంతో చెయ్యి తీసేశారు. సున్నానికి పగిలిన ఆ గరుకు చెయ్యి తగిలిన చోట రాత్రంతా తడుముకున్నాను.

"డాక్టరుకి డాబా అన్నావు. ఎంక్వైరీలో డాబా అని సంతకం పెట్టావు. ఇప్పుడు ఆటో అంటున్నావు. ఇందులో ఏది నమ్మాలమ్మా?" అని ఆ లాయరు అడిగినప్పుడు నాకు కోపం రాలేదు. ఆయన అడిగింది న్యాయమే. "మొదటిసారి ఆయన తల వంచుకున్నాడని చెప్పానండీ. రెండోసారి ఆయన రావడం లేదని చెప్పాను. ఇప్పుడు ఆయనే నిజం చెప్పేశాక నేనెవరి కోసం అబద్ధం చెప్పాలి?" అన్నాను. జడ్జిగారు ఆ మాటని అలాగే రాయించారు. డాక్టరు కూడా, ఆనాటి దెబ్బ వల్లే ఎముక చచ్చిపోయిందని, డాబా కథ తాను మొదటిరోజే నమ్మలేదని చెప్పాడు.

తీర్పు వచ్చేదాకా ఓపిక పట్టమంది లాయరమ్మ. మీరు బస్టాండు వైపు వెళుతుంటే మెట్ల మీద నిలబడి కనపడినంతసేపు చూశాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదేం?

మీ ఖాజాబీ


30-1-2004

ప్రియమైన ఖాజాకి,

తీర్పు మనవైపు వచ్చిందని, కంపెనీ డబ్బు కట్టిందని బావ ఫోన్ చేసినప్పుడే తెలిసింది. ఆపరేషన్ ఫిబ్రవరి అయిదున అని నీ ఉత్తరంలో చూశాను. వెంటనే రావాలి. కానీ బట్టీ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాను, మార్చి నెలాఖరు దాకా వదలనంటున్నాడు. ఎంత బతిమిలాడినా ఒప్పుకోలేదు.

నువ్వు ధైర్యంగా ఆపరేషన్ చేయించుకో. నాకోసం ఆపొద్దు. ఇప్పటికే ఆలస్యమైందని డాక్టరు అన్నాడట కదా. కోపం వస్తే నాలుగు తిట్లు ఎక్కువ తిట్టుకో, ఆపరేషన్ మాత్రం వాయిదా వెయ్యొద్దు. సిద్దికా మీద ఒట్టు.

నీ బుడాన్


నల్లపాడు,
26-2-2004

ప్రియమైన మీకు,

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగేటప్పుడు మీ పేరే పలవరించానట, అక్క ఇప్పటికీ ఆటపట్టిస్తోంది. నాలుగో రోజే నడిపించారు. కొత్త కీలు తన పని తాను చేస్తోంది. పది పదిహేనేళ్ళు వస్తుందట, గొంతుక్కూర్చోకూడదు, నేల మీద కూర్చోకూడదు. ఇక మిరపకోతలకి నేను పనికిరాను. ఊతకర్రతో వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నాను.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మిమ్మల్ని తిట్టుకుంటూనే ఉన్నాను. నన్ను కోసి కుడుతుంటే బట్టీ ముఖ్యమైందా ఈ మనిషికి అనుకున్నాను. పాత బుడానే మళ్ళీ వచ్చాడు, పేట దాకా వచ్చి వెనక్కి పోయే బుడాన్ అనుకున్నాను. అక్క ఎదురుగానే అన్నాను.

సోమవారం బావ మీకు నా కబురు చెప్పి రావాలని పిడుగురాళ్ల వెళ్ళాడు. బట్టీ యజమాని, "బుడానా? నెల అయింది మానేసి. అడ్వాన్సేమీ లేదు, మంచివాడు, లెక్క తేల్చుకునే పోయాడు" అన్నాడట. బావ ఆ సంగతి నాకు చెప్పకుండా సాయంత్రం జయకుమారి గారి దగ్గరికెళ్ళాడు. ఆమె చెప్పింది. మీరు జనవరి ఇరవై ఏడు నుంచి అద్దంకి సబ్‌జైల్లో ఉన్నారు. ఆ పోలీసు కేసులోనే రెండు నెలలు వేశారు. ఆపరేషన్ అయ్యేదాకా నాకు చెప్పనని మీరు ఆమె చేత ఒట్టు వేయించుకున్నారట. ఒట్లు బాగా నేర్చారు.

"పోరాడితే బయటపడేవాడేనమ్మా. ట్రాక్టరువాడిదే తప్పని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట పట్టుకుని కంపెనీవాళ్ళు అప్పీలుకి వెళతారని, నీ ఆపరేషన్ ఆగిపోతుందని, తప్పు నాదేనని ఒప్పుకున్నాడు" అని ఆమె చెప్పిందట. బావ మర్నాడు ఇదంతా నాకు చెప్పాడు. నేను లేచి, గోడ పట్టుకుని, కర్ర కూడా తీసుకోకుండా వసారాలోకి వెళ్ళిపోయాను. నడిచిన సంగతి తర్వాత అక్క చెబితే తెలిసింది.

ఇప్పుడు తిట్లన్నీ వెనక్కి తీసుకోను. నాకు చెప్పి ఉంటే ఆపరేషన్ ఆపేదాన్నే, అది నిజం. అయినా చెప్పి ఉండాల్సింది. నేను ఏడాదికి పైగా అబద్ధం మోశాను కదా, నిజం మోయలేనా?

మీరు ఇంకో నెలలో వస్తారు, అంతదాకా ఆగమంటున్నారు అందరూ. నేను ఆగను. ఇన్నాళ్ళూ మీరు రావాలని గుమ్మం చూసింది చాలు. ఆదివారం పది గంటలకి ములాఖత్‌కి రావొచ్చని లాయరమ్మ కనుక్కుంది. అక్క, నేను బస్సులో వస్తాం. బస్టాండు నుంచి జైలు ఎంత దూరమో తెలియదు, ఎంతైనా నడిచే వస్తాను. మీరు చూడండి.

అక్కడి వాళ్ళని అడిగి ఒక కుర్చీ వేయించండి. నేను నేల మీద కూర్చోకూడదు, మిమ్మల్ని చూశాక ఎక్కువసేపు నిలబడనూ లేను.

మీ ఖాజాబీ